రంపం ఆడింది గంటే: ఒక చిన్న చెట్ల పని జట్టు డైరీ

రోజు 1

ఇవాళ్టి నుంచి ప్రతి పనికీ గడియారం చూసి రాసుకోవాలని అనుకున్నాం. ముగ్గురం పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నాం. చేతులు పడిపోతున్నాయి. నెలాఖరుకి మిగిలింది చూస్తే ఎక్కడో కన్నం ఉందని తెలుస్తూనే ఉంది. "రంపం పాతదైపోయింది, పెద్దది కొందాం" అని బావ పట్టు. నాకు రంపం మీద అనుమానం లేదు, కానీ మరి దేని మీద అంటే చెప్పలేను. అందుకే జేబులో పట్టే పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. చెట్టు కింద పెన్ను పనికిరాదు, పొట్టు దూరి రెండో రోజుకే మొరాయిస్తుంది.

చెట్టెక్కేది బావ. కింద తాడు పట్టేది, ఫోన్లెత్తేది, ధర చెప్పేది, బండి నడిపేది నేను. కొమ్మలు లాగి చిప్పర్‌లో, అంటే వాటిని పొట్టు చేసే యంత్రంలో, వేసేది చిన్నోడు. వాడికి అసలు పేరుంది గానీ పైనుంచి అరిచేటప్పుడు మూడక్షరాలకి మించి నోరు తిరగదు.

ఇవాళ్టి పని ఇంటి కప్పు మీదికి వంగిన మూడు పెద్ద కొమ్మలు. సాయంత్రం బండిలో కూర్చుని కూడితే మొత్తం 9 గంటల 10 నిమిషాలు. అందులో రంపం ఇంజను ఆడింది గంటా 5 నిమిషాలు. నమ్మబుద్ధి కాక మళ్ళీ కూడి చూశాను, అంతే వచ్చింది. బావ దిగి, ఒంటికి కట్టుకుని తాడుకి వేలాడే పట్టీలు, అదే హార్నెస్, విప్పేశాక కూడా ఆ కొమ్మల కుప్పని విడదీసి, చిప్పర్ దాకా ఈడ్చి, దానికి మేపడానికి 2 గంటల 20 నిమిషాలు పట్టింది.

బావకి చూపిస్తే "ఒక్కరోజు లెక్క లెక్కా?" అన్నాడు. అదీ నిజమే.

రోజు 2

తాడు పైకి వేయడానికే గంట దాటింది.

పై పంగలోంచి ఎక్కే తాడు పోవాలంటే ముందు సన్నటి దారం పోవాలి. 2 మిల్లీమీటర్ల దారం, దాని చివర 340 గ్రాముల సీసపు గుళ్ళ సంచి. దాన్ని రెండు కాళ్ళ మధ్య ఊపి విసరాలి. విసురు కుదిరిన రోజు రెండు ప్రయత్నాల్లో అయిపోతుంది. ఇవాళ బావకి 14 విసుర్లు తప్పాయి. పదిహేనోది పడింది గానీ పక్కనున్న చిన్న పంగలో. "పడింది కదా, ఎక్కేస్తా" అన్నాడు. అక్కడ కొమ్మ చూస్తే నా మణికట్టంత లావు ఉంది. "వద్దు బావా, మళ్ళీ వెయ్యి" అన్నాను. మొహం ముడుచుకుని వేశాడు, పదహారోది కుదిరింది. తాడు సరైన చోట పడ్డాక ఇద్దరం కలిసి దానికి వేలాడి, ఊగి చూశాకే ఒక్కడు ఎక్కాలి. ఈ ఒక్క నిమిషం ఆదా చేద్దామని మాలో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

గంటలో ఇరవై నిమిషాలు మాత్రం పూర్తిగా మా నిర్వాకమే. దారం పేర్చుకునే బట్ట తొట్టి షెడ్డులో మర్చిపోయాం. నేల మీద పోసిన దారం గడ్డినీ ఎండు పుల్లల్నీ చుట్టుకుని పిచ్చుక గూడైంది.

రోజు 4

గేటు.

వారం కింద ధర చెప్పడానికి వెళ్ళినప్పుడు చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాను. తొర్రలు చూశాను, ఎండు కొమ్మలు లెక్కపెట్టాను, కింద పూలకుండీలు ఎన్ని ఉన్నాయో రాసుకున్నాను. గేటు వైపు మాత్రం చూడలేదు. ఇవాళ చిప్పర్ వెనక్కి తోస్తుంటే చిన్నోడు అరిచాడు: "అన్నా, ఆపు! పట్టదు!" గేటు 1.20 మీటర్లు, మా చిప్పర్ చక్రాల అంచు నుంచి అంచుకి 1.25. అయిదు సెంటీమీటర్ల తేడా. గేటు ఊడదీద్దామంటే బందులు గోడలోకి సిమెంటు చేసేశారు. చిప్పర్ వీధిలోనే పెట్టి ప్రతి కొమ్మనీ 60 మీటర్లు భుజాన వేసుకుని మోశాం.

ఒకరోజు పని రెండు రోజులవుతుంది. చెప్పిన ధర చెప్పినట్టే. ఇంటాయన "పాపం, చాలా శ్రమ పడ్డారు" అన్నారు. అవునండీ అన్నాను, ఇంకేమంటాం?

పుస్తకం చివరి పేజీలో ధర చెప్పేముందు చూడాల్సినవి రాయడం మొదలుపెట్టాను. మొదటిది గేటు వెడల్పు, టేపుతో. రెండోది చెట్టు మొదలు నుంచి బండి ఆగే చోటికి దూరం, అడుగులతో కొలిచి.

రోజు 5

వాన. తడిసిన బెరడు మీద కాలు నిలవదు, పని లేదు. రంపాలు ముందేసుకుని కూర్చున్నాం.

బావకి పెద్ద రంపం ఎందుకు కావాలనిపిస్తోందో ఇవాళ అర్థమైంది. ఉన్న రంపం చైను పళ్ళు మొద్దుబారిపోయి ఉన్నాయి. పదునుగా ఉన్న చైను రేకుల్లాంటి పేళ్ళు రాలుస్తుంది. మొద్దుబారింది పిండి రాలుస్తుంది, పైగా మనం నొక్కితే తప్ప దిగదు. నొక్కుతున్నామంటే ఆకురాయి తీసే వేళయిందన్నమాట. కింద వాడే రంపానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, బావ పైకి పట్టుకెళ్ళే చిన్నదానికి 4 మిల్లీమీటర్లది. 30 డిగ్రీల కోణం, తోపు ఎప్పుడూ లోపల్నుంచి బయటికి, పంటి పంటికీ అన్నే తోపులు. ఒక పక్క పళ్ళు ఎక్కువ అరిగితే రంపం వంకరగా కోస్తుంది. పంటి ముందుండే చిన్న బొడిపెని కూడా చాలామంది వదిలేస్తారు. అది పంటి మొన కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఎత్తుగా ఉంటే పన్ను చెక్కని అందుకోదు. మరీ తగ్గిస్తే ఎక్కువ కరిచి రంపం ఎగిరిపడుతుంది.

ఈ చైను పళ్ళ ఆకారం ఒక పురుగుది. 1940ల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే అడవిపని మనిషి మోడులో కలపని అటూ ఇటూ కొరుకుతూ పోతున్న ఒక పురుగు దవడలు చూసి, అలాంటి పళ్ళతో చైను చేశాడు. చిన్నోడికి ఈ కథ చెప్తే "అయితే ఆ పురుక్కి ఆకురాయి ఎవరు పట్టారన్నా?" అన్నాడు.

పెట్రోలు డబ్బా కూడా ఖాళీ చేశాం. 5 లీటర్లకి 100 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్, అంటే 50కి 1. కలిపిన తేదీ డబ్బా మీద రాయడం ఇవాళ్టి నుంచి. రెండు నెలల నాటిది పోసి, స్టార్ట్ కావట్లేదని రంపాన్ని తిట్టిన రోజులున్నాయి.

రోజు 8

ఫోన్లో అడిగింది: "కొమ్మలు కొట్టేవాళ్ళేనా? సగానికి నరికేయాలి, ఆకులు రాలుతున్నాయి." వెళ్ళి చూస్తే ఏ రోగమూ లేని చక్కటి చెట్టు. ఆ ఇంటి మాస్టారు నెమ్మదస్తుడే గానీ, పక్కింట్లో తల నరికించారు కాబట్టి మాకూ అలాగే కావాలన్నారు.

తల నరికితే ఏమవుతుందో పక్కింటి చెట్టు మీదే చూపించాను. మొండి చివర్ల నుంచి చీపురుపుల్లల్లా గుంపుగా చిగుళ్ళు వచ్చాయి. అవి ఏళ్ళు గడిచి లావెక్కుతాయి గానీ, వాటి పట్టు పైపైనే. సహజంగా పుట్టిన కొమ్మకి మాను లోపలిదాకా వేరులాంటి పట్టు ఉంటుంది, వీటికి ఉండదు. కింద మొండి కుళ్ళుతుంది, పైన బరువు పెరుగుతుంది, గాలికి విరిగేది అక్కడే. అదీకాక ఆకంతా ఒక్కసారి తీసేస్తే చెట్టు తిండి తీసేసినట్టే. పెద్ద చెట్టుకి ఒక విడతలో పావు వంతు పచ్చదనం కంటే ఎక్కువ ముట్టుకోకూడదని మా కట్టుబాటు.

అరగంట మాట్లాడాక మాస్టారు మెత్తబడ్డారు. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, గోడ మీదికి వచ్చినవి తీయడానికి ఒప్పుకున్నారు. ధర సగమైంది. బావ మొహంలో ఆ సగం కనబడింది.

పనిలో చిన్నోడికి మొదటిసారి చేతిరంపం ఇచ్చి కింది కొమ్మ ఒకటి తీయించాను. మూడు కోతలు. మానుకి ఓ అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు ఒకటి. దానికి రెండు వేళ్ళ అవతల పై నుంచి రెండోది, దాంతో కొమ్మ తెగి పడుతుంది. కింది కోత లేకపోతే పడే కొమ్మ తనతో పాటు మాను బెరడుని బారెడు పొడవున చీల్చుకుపోతుంది. మిగిలిన మొండికి మూడోది. కష్టమంతా ఈ మూడోది ఎక్కడ వేయాలన్నదే. కొమ్మ మానులో కలిసేచోట ముడతలు పడి కొంచెం ఉబ్బుగా ఉంటుంది. మేం దాన్ని మెడ అంటాం. కోత మెడ బయటే పడాలి. మానుకి సమంగా నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, గాయాన్ని మూసే కణజాలమంతా ఆ మెడలోనే ఉంది. మెడ పోతే గాయం మూసుకునే దారి పోయినట్టే. అలాగని మొండి పొడుగ్గా వదిలేస్తే అది ఎండి, కుళ్ళుని లోపలికి తీసుకెళ్తుంది.

అయ్యాక మాస్టారు రంగు డబ్బా తెచ్చారు, కోతలకి పూయమని. వద్దన్నాను. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లని రంపంతో నిలువునా చీల్చి లోపల ఏం జరుగుతోందో చూసిన మనిషి. చెట్టు గాయం మనిషి గాయంలా మానదని, కుళ్ళు పాకకుండా లోపల గోడలు కట్టుకుని, పైన కొత్త కలప పెంచుకుంటూ పోతుందని 1977లో వచ్చిన పుస్తకంలో బొమ్మలతో సహా చూపించాడు. పూసే రంగు కుళ్ళుని ఆపదని కూడా తేల్చాడు. మాస్టారు అంతా విని, "మరి డబ్బా కొన్నానే" అన్నారు. గేటుకి వేసుకోమన్నాను.

రోజు 11

ఇవాళ్టిది రాయబుద్ధి కావడం లేదు, అయినా రాస్తున్నాను.

పైనున్న మానుని ముక్కలుగా కోసి తాడుతో దించుతున్నాం. పైన కప్పీ. తాడు అక్కణ్ణుంచి దిగి, మొదట్లో మానుకి కట్టిన ఇనుప గొట్టానికి మూడు చుట్లు తిరిగి నా చేతికి వస్తుంది. ముక్క బరువు ఎంతో ముందే అనుకోవాలి. పచ్చి కలప ఘనపు మీటరు ఇంచుమించు టన్ను. 40 సెంటీమీటర్ల లావు, మీటరు పొడవు ముక్క 125 కిలోలు. అదే పొడవుతో 80 సెంటీమీటర్ల లావుది 500 కిలోలు. లావు రెట్టింపైతే బరువు నాలుగింతలు, ఇది కంటికి తెలియదు. పైన కప్పీ మీద పడేది ముక్క బరువొక్కటే కాదు, కింద నేను పట్టి ఆపే లాగుడు కూడా కలిసి రెండింతలకి దగ్గరవుతుంది. పడుతున్న ముక్కని ఠక్కున ఆపితే ఆ దెబ్బ ఇంకెన్నో రెట్లు. అందుకే తాడుని కొంచెం పారనిచ్చి, మెల్లగా బిగించుకోవాలి.

నేను ఠక్కున ఆపాను. ఎందుకంటే ముక్క తెగిన క్షణంలో చిన్నోడు దాని కిందికి నడిచి వస్తున్నాడు.

వాడి తప్పు కాదు. కింద పడి ఉన్న కొమ్మ తీయడానికి వచ్చాడు. చెవులకి మఫ్‌లు, వెనక చిప్పర్ హోరు. బావ "వదుల్తున్నా" అని అరిచాడు, అది వాడికి అందలేదు. రంపం చప్పుడే 100 డెసిబెల్స్ పైన, దాని మీద మాట ఎక్కడ వినబడుతుంది? ముక్క వాడి తలకి రెండు మీటర్ల పైన ఆగి ఊగింది. పైన చెట్టు మొత్తం ఊగిపోయి, బావ మానుని వాటేసుకున్నాడు. హార్నెస్‌కి ఎక్కే తాడు ఒకటి, మానుని చుట్టి ఉన్న ఉక్కు తీగ నడికట్టు ఒకటి, రెండూ ఉన్నాయి కాబట్టి ఊగడంతో పోయింది.

ఇంజన్లన్నీ ఆపేశాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్నోడే ముందు నోరు తెరిచాడు: "నేను రాకుండా ఉండాల్సిందన్నా." "నిన్ను రానిచ్చింది నేను" అన్నాను.

ఈ రోజు నుంచి మాట పద్ధతి. పైనుంచి "కిందా?" అని అడుగు. కింద నేను చిన్నోణ్ణి కళ్ళతో చూసి, వాడు గీత అవతల ఉంటే "ఖాళీ" అని జవాబు. జవాబు చెవిన పడకపోతే బావ కోయడు. గీత అంటే నిజంగానే గీత, ఎర్ర తాడు నేల మీద పరుస్తాం. కోసిన ముక్క నేలకి దిగి, నేను చెయ్యెత్తేదాకా చిప్పర్ దగ్గర ఉన్నవాడు గీత దాటకూడదు. దించే తాడుని పక్కన పెట్టేశాను. బయటికి ఏమీ కనబడలేదు గానీ అంత దెబ్బ తిన్న తాడుకి మళ్ళీ బరువు కట్టను. కొమ్మలు ఈడ్చుకోవడానికి పనికొస్తుంది. మనిషి ఎక్కే తాళ్ళ పెట్టెలోకి పొరపాటున చేరకుండా దాని రెండు చివర్లకీ నల్ల టేపు చుట్టాను.

పుస్తకంలో ఇవాళ్టి గంటలు లెక్క వేయలేదు.

రోజు 12

పంగలో పక్షి గూడు, లోపల పిల్లలు. పని వాయిదా. ఇంటావిడ నిట్టూర్చి ఒప్పుకున్నారు. వెళ్ళి రావడం 1 గంట 40 నిమిషాలు, రాబడి సున్న. జాబితాలో నాలుగోది చేరింది: ముందురోజు బైనాక్యులర్‌తో పైకి చూసుకోవాలి. మూడోది కరెంటు తీగ, అది చెప్పనక్కర్లేదు. తీగ ఎవరిదో వాళ్ళు వచ్చి సరఫరా ఆపితే తప్ప దాని దగ్గరి కొమ్మ జోలికి వెళ్ళం. పచ్చి కొమ్మ కూడా కరెంటుని పారనిస్తుంది.

రోజు 16

సెలవు రోజు. 11వ రోజు తర్వాత బుర్రలో ఒకటే తిరుగుతోంది. బావకి పైన ఏదైనా అయితే దించేదెవరు? నేను ఎక్కగలను గానీ నా మోకాలు అప్పుడప్పుడు మాట వినదు. చిన్నోడికి నేర్పడం మొదలుపెట్టాం. ఇసుక బస్తాకి పాత హార్నెస్ తొడిగి ఆరు మీటర్ల ఎత్తులో కట్టాం. వాడు రెండో తాడు మీద ఎక్కి, బస్తాని తనకి తగిలించుకుని, దాని ముడిని వదులు చేస్తూ ఇద్దరి బరువుతో దిగాలి. మొదటిసారి 31 నిమిషాలు. మూడోసారికి 12. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది కాబట్టి 12 కూడా ఎక్కువే. వచ్చే సెలవుకి మళ్ళీ.

ఇకమీదట రెండో తాడు, హార్నెస్ ప్రతి పనికీ బండిలోంచి దించి చెట్టు పక్కనే పెడతాం. రక్తం ఆపే కట్టు బావ నడుముకే ఉంటుంది. బండిలో ఉన్న కట్టు చెట్టు మీదున్న మనిషికి ఎందుకూ పనికిరాదు.

రోజు 19

కన్నం దొరికింది. మొదటి రోజు పుస్తకంలోనే ఉంది, మాకు కనబడలేదు.

ఇన్నాళ్ళూ కొమ్మలు ఎలా పడితే అలా, ఎక్కడ పడితే అక్కడ వదిలేసి, బావ దిగాక ముగ్గురం కలిసి సర్దేవాళ్ళం. అప్పటికి రెమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరి, ఒకటి లాగితే నాలుగు వస్తాయి. ప్రతి కొమ్మనీ రెండుసార్లు ముట్టుకుంటున్నాం, కొన్నిటిని మూడుసార్లు.

ఇవాళ చిన్నోడు చేసిందిది. పొద్దున్నే చిప్పర్ నోరు చెట్టు వైపు తిప్పి నిలబెట్టాం. కొమ్మ కిందపడి నేను చెయ్యెత్తగానే వాడు దాన్ని మొదలు వైపు లావుపాటి చివర పట్టుకుని లాగి, ఆ చివర చిప్పర్ వైపు ఉండేలా పరిచాడు. అన్నిటి మొదళ్ళూ ఒకే వైపు, ఒకే వరసలో. మొదలు ముందు పోతే రెమ్మలు వాటంతటవే ముడుచుకుని లోపలికి వెళ్తాయి. తల వైపు నుంచి తోస్తే విచ్చుకుని నోటికి అడ్డం పడతాయి. మధ్య మధ్యలో, పైన కోత లేనప్పుడు, పక్కన నిలబడి మేపాడు. ఎదురుగా నిలబడకూడదు. వదులు కఫ్ ఉన్న గ్లవ్‌లు వేసుకోకూడదు. దించే తాడు చివర ఎప్పుడూ చిప్పర్ దరిదాపుల్లో ఉండకూడదు, లోపలికి లాగే రోలర్లకి అందితే తాడు వేగాన్ని మనిషి అందుకోలేడు.

మొదటి రోజు చెట్టంత చెట్టే. బావ దిగాక మిగిలిన పని 50 నిమిషాలు. గంటన్నర మిగిలింది. రంపం ఇంజను ఇవాళ కూడా గంట దగ్గరే.

రోజు 23

"ఎలాగూ వచ్చారుగా, ఆ చిన్న మోడు కూడా తీసేయండి." ఈ మాటకి ఇన్నేళ్ళలో ఎన్ని గంటలు పోగొట్టుకున్నామో. ఆ చిన్న మోడు పక్కన నీళ్ళ పైపు ఉందో లేదో వాళ్ళకే తెలియదు. మోడు తవ్వే యంత్రం పళ్ళు రాయికి తగిలితే ఒక పూట పోతుంది. పొట్టు కూడా మోడు కంటే ఎక్కువ చోటు పడుతుంది. ఇవాళ మొదటిసారి, "తప్పకుండా అమ్మా, దానికి విడిగా రాసిస్తాను" అని కాగితం ఇచ్చాను. ఆవిడ "అయితే ఉండనివ్వండి" అన్నారు. అదీ మంచిదే.

తాజా పొట్టు అడిగితే మాత్రం ఉచితంగా ఇస్తున్నాం, పారబోసే ప్రయాణం తప్పుతుంది. చెట్ల పాదుల్లో నాలుగైదు వేళ్ళ మందాన పరుచుకోమని, మానుకి ఆనించి కుప్ప పోయొద్దని చెప్తాను. ఆనిస్తే బెరడు తడిసి కుళ్ళుతుంది. సగం మంది ఆనించే పోస్తారు.

రోజు 27

పెద్ద పని. మొదట్లోనే రెండు మానులుగా చీలిన నీలగిరి. పంగలో బెరడు లోపలికి మడతపడి ఉంది, అంటే రెండు మానులకీ మధ్య పట్టు లేదు. మొదట్లో ఒక పక్క బల్లలా పెరిగిన పుట్టగొడుగు. చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వెళ్తే ఆ పక్క డప్పులా మోగింది. అలాంటి మానుకి బావని వేలాడదీయలేను. కప్పీ కట్టడం అసలే కుదరదు. ఇంటివాళ్ళు ఒక్కరోజులో అయిపోవాలంటే, ఎత్తే బుట్ట ఉన్న బండి అద్దెకి తెస్తేనే చేస్తాం, ధర ఇంత పెరుగుతుంది అన్నాను. గేటు 2.60, ముందే కొలిచాను. ఒప్పుకున్నారు.

బుట్టలోంచి చిన్న ముక్కలుగా కోశాడు బావ. "కిందా?" "ఖాళీ." ఆ రోజంతా ఈ రెండు మాటలే, లెక్కపెట్టలేదు గానీ వంద దాటి ఉంటాయి. మధ్యాహ్నానికి పై సగం నేల మీద, వరసల్లో, మొదళ్ళన్నీ ఒకే వైపు. చివరికి మిగిలిన బోదె కోస్తే లోపల పిడికిలి దూరేంత బోలు, చుట్టూ తేనెరంగు పొడి. చిన్నోడు చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా బావ వైపు చూశాడు.

మొత్తం 8 గంటల 20 నిమిషాలు. రంపం గంటా 35.

బండిలో బావ పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పి చూశాడు. "అయితే పెద్ద రంపం వద్దంటావ్."

"కొత్త దించే తాడు ముందు. తర్వాత దుంగలు మోసే రెండు చక్రాల బండి. ఆ తర్వాత చూద్దాం."

"ఎంత వెడల్పు, ఆ బండి?"

"80 సెంటీమీటర్లు. అడిగి కనుక్కున్నా."

రేపు పొద్దున్నే 12వ రోజు గూడు చెట్టు. ఇంటావిడ ఫోన్ చేశారు, పిల్లలు ఎగిరిపోయాయట. సాయంత్రం బైనాక్యులర్ పట్టుకుని ఒకసారి చూసి రావాలి.